ఐదు షాట్ల గ్రూపు చూసి పెల్లెట్లు కొనకండి

చెన్నై షూటింగ్ రేంజుల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల్లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఆ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండే పెల్లెట్. తల్లిదండ్రులు కోచ్‌ని మొదట అడిగేది ఒకటే: "ఏ కంపెనీ పెల్లెట్ మంచిది సార్?" అడగాల్సింది కంపెనీ గురించి కాదు, బ్యాచ్ గురించి, అంటే ఒకే విడతలో తయారైన పెల్లెట్ల గురించి. అమెరికాలో పెద్ద రివాల్వర్లు కాల్చేవాళ్లు సీసం పోతపోసి, తుపాకి మందు తూచి, తమ తూటాలు తామే చేసుకుంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. ఎయిర్ రైఫిల్‌లో అసలు మందే లేదు. కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండే: ఏ పెల్లెట్ వెయ్యాలి, అది ఎంత వేగంతో వెళ్లాలి.

ముందు లెక్క చూద్దాం. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్లంటే 0.5 మి.మీ. చుక్క. పెల్లెట్ 4.5 మి.మీ. దాని అంచు చుక్కకి తగిలితే చాలు, 10.0. అంటే పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపు పడాలి. అక్కణ్ణుంచి లోపలికి ప్రతి 0.25 మి.మీ.కి 0.1 చొప్పున పెరిగి 10.9 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కన టార్గెట్ మీద పడ్డ షాట్ల గుంపు, అంటే గ్రూపు, బయటి అంచు నుంచి బయటి అంచుకి 9.5 మి.మీ. వచ్చినా, అది సరిగ్గా మధ్యలో ఉంటే, అన్నీ పదులే. కానీ కాల్చే మనిషి వణుకు కూడా దీనికి తోడవుతుంది కదా! అందుకే రైఫిల్‌ని వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే బిగింపులో) బిగించి కాల్చినప్పుడు పది షాట్లు 7 మి.మీ. లోపు పడే బ్యాచ్ దొరికితే ఇక వెతకడం ఆపేయొచ్చు.

డబ్బా మీద బరువు, హెడ్ సైజు ఉంటాయి. రైఫిల్‌కి సాధారణంగా 0.53 గ్రాములు, పిస్టల్‌కి అంతకంటే తేలిక. హెడ్ సైజు అంటే పెల్లెట్ తల వెడల్పు, మి.మీ.లలో 4.49, 4.50 లాంటి అంకె. ఇవి రెండూ ఒకటే అయినా బ్యాచ్ మారితే గ్రూపు మారిపోవచ్చు, ఎందుకంటే తయారీ డై (అచ్చు) అరుగుతూ ఉంటుంది. పెల్లెట్ తల బారెల్ గాడుల అంచుల మీద నడుస్తుంది, వెనకున్న పల్చటి స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని సీల్ వేస్తుంది. తల వదులైతే పెల్లెట్ కాస్త వంకరగా బయల్దేరుతుంది. మరీ బిగువైతే లోడ్ చేసేటప్పుడే బొటనవేలికి తెలిసిపోతుంది.

టెస్టుకి ముందు బ్రీచ్ వైపు నుంచి, అంటే పెల్లెట్ లోడ్ చేసే వెనక వైపు నుంచి, ఫెల్ట్ ముక్కలతో బారెల్ తుడవండి. తుడిచిన బారెల్ వెంటనే నిలకడగా కొట్టదు, ఓ పాతిక షాట్లు లెక్కలోకి తీసుకోకండి. తర్వాత రైఫిల్‌ని వైస్‌లో బిగించి, ఒక్కో బ్యాచ్‌కి పది షాట్ల గ్రూపులు మూడు కాల్చండి. ఒకే బ్యాచ్‌వి మూడూ వరసగా కాల్చేయొద్దు. మొదటి బ్యాచ్, రెండోది, మూడోది, మళ్లీ మొదటికి రండి. కాలుస్తున్నకొద్దీ వైస్ సర్దుకుంటుంది, రైఫిల్ గాలి సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది. వరసగా కాలిస్తే ఆ తేడాలన్నీ ఒక్క బ్యాచ్ నెత్తిన పడతాయి. టార్గెట్‌కి దళసరి అట్ట వాడండి. పల్చటి కాగితం చిరిగిపోతే, గ్రూపు కొలవడానికి వెర్నియర్ ఉన్నా ఉపయోగం లేదు.

ఐదు షాట్లు ఎందుకు చాలవంటే, అదే బ్యాచ్ ఇప్పుడు 5 మి.మీ. చూపించి కాసేపటికి 7 చూపించగలదు. డజను బ్యాచ్‌లని ఐదేసి షాట్లతో చూసి అన్నిటికన్నా చిన్న గ్రూపు ఇచ్చినదాన్ని ఏరుకుంటే, మీరు ఏరుకున్నది పెల్లెట్‌ని కాదు, అదృష్టాన్ని. దుకాణంలో ఇచ్చే టెస్ట్ కార్డు మీద అందంగా కనిపించే ఒంటి రంధ్రం కూడా చాలాసార్లు ఇలాంటిదే.

గ్రూపు సైజు కంటే దాని ఆకారం ఎక్కువ చెబుతుంది. నిలువుగా సాగితే పెల్లెట్‌ని తిట్టకండి, వేగం చూడండి. సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్లలో దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది, 165 అయితే 18. అంటే 5 మీటర్ల తేడాకి 1 మి.మీ., స్కోరులో 0.4. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో అంత తేడా కనిపిస్తే, ప్రతి షాట్‌కి గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్‌ని సర్వీసుకి ఇవ్వాలి, కొత్త పెల్లెట్లు కొనడం దండగ. గ్రూపు రెండు ముద్దలుగా విడిపోతే వైస్‌లో రైఫిల్ జారిందేమో, ఏదైనా స్క్రూ వదులైందేమో చూడండి. గుండ్రంగానే ఉండి వెడల్పుగా ఉంటే అప్పుడు బ్యాచ్ సరిపడలేదని అనుమానించొచ్చు. ఎక్కడో ఒక్కటి దూరంగా పడుతుంటే డబ్బాలో స్కర్ట్‌లు చూడండి. కొరియర్‌లో డబ్బా కింద పడితే అవి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి.

ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో డబ్బా మూత తీసి ఉంచితే సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. మూత గట్టిగా పెట్టి సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో దాచండి. ఇక బెంగళూరులో పోటీ ఉంటే పెల్లెట్ మళ్లీ టెస్ట్ చెయ్యాలా? అక్కర్లేదు. అది 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పదో వంతు దాకా పల్చన, నిజమే. కానీ పది మీటర్లలో దానివల్ల వచ్చే తేడా పోటీకి ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లప్పుడే సరిచేసుకోవచ్చు. గ్రూపు సైజు మారదు.

రోజుకి వంద షాట్లు, వారానికి ఐదు రోజులంటే ఏడాదికి 26,000. ఐదువందల డబ్బాలు 52. అన్నీ ఏరిన బ్యాచ్‌వే కానక్కర్లేదు. పోటీలకి నాలుగైదు డబ్బాలు పక్కన పెట్టుకుని, ప్రాక్టీసుకి అదే హెడ్ సైజులో చవకవి వాడుకోవచ్చు. అసలు 60 షాట్లకి 610 దాటని పిల్లలకి ఈ టెస్టులేవీ వద్దు, ఆ డబ్బు కోచింగ్‌కి పెట్టండి.

పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కోటి తీసి లోడ్ చేసే అలవాటు కొందరు పిల్లల్లో ఉంటుంది. వెంటనే మాన్పించండి, అది సీసం. రేంజ్ టేబుల్ మీద సుండల్ (గుగ్గిళ్ల) పొట్లం విప్పనివ్వకండి, బయటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగించాకే టిఫిన్.