ట్రెడ్‌మిల్ మీద ఐదు నిమిషాల పది సెకన్లు

మొన్న మంగళవారం, ముసురు పట్టిన పొద్దున, నేను రెండోసారి ట్రెడ్‌మిల్ పరీక్ష, అంటే కదిలే పట్టీ మీద నడిపిస్తూ గుండె పనితీరు చూసే పరీక్ష, చేయించుకొని వచ్చాను. మళ్లీ చేయించుకోవలసిన అవసరం లేదని డాక్టరు గారు చెప్పినా వినకుండా, ఏడు నెలల కిందట నాకు తలవంపులు తెచ్చిన ఆ గదికే సొంత డబ్బు కట్టి మరీ వెళ్లాను. ఆ కసి చల్లారక ముందే జరిగినదంతా రాసి పెట్టుకోవాలనిపించింది.

నా వయసు యాభై ఒకటి. నెల్లూరులో ఒక బ్యాంకు శాఖలో పని చేస్తున్నాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అధిక భాగం నగదు కౌంటరు వెనక కుర్చీలోనే గడిచింది. ఉగాదికి ముందు చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 8.6 శాతం అని, అంటే చక్కెర జబ్బు ఉందని తేలింది. మాత్రలు మొదలయ్యాయి. ఇంతవరకు చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

డాక్టరు గారు చక్కెర సంగతితో ఆగకుండా నిద్ర ఎలా పడుతున్నదని అడిగారు. మా అమ్మ పోయిన తరువాత రెండేళ్లుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తున్నదని, తిరిగే ఫ్యానును చూస్తూ ఆ రోజు కౌంటరులో ఏ లెక్క తప్పుతానో అని వణుకుతూ పడుకుంటానని, ఇష్టంగా తినే చేపల పులుసు కూడా సహించడం లేదని, ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పని మాటలు ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు రాసుకొని, శరీరాన్ని కదిలించడం చక్కెరకు ఎంత అవసరమో ఈ దిగులుకూ అంతే అవసరమని, రోజూ నడవాలని అన్నారు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి, రోజంతా కూర్చొని ఉండే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని వెల్లడించిన విషయం కూడా అప్పుడే చెప్పారు. ఆ బస్సులో నేను ఏ సీటులో ఉన్నానో అడగనక్కరలేదు. మా నాన్న యాభై ఆరేళ్లకే గుండెపోటుతో పోవడం, మెట్లెక్కితే నాకు ఛాతీ పట్టేసినట్లుండడం విని, నడక మొదలుపెట్టే ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకొని రమ్మని చీటీ రాశారు. నడుద్దామనుకునే ప్రతివారికీ ఈ పరీక్ష అక్కరలేదు. నా విషయంలో అనుమానానికి కారణాలు ఉన్నాయి.

ఆ పరీక్ష చేసే చోటి పేరు రాయను. పదింటికి రమ్మన్నారు, పదకొండున్నర దాకా కూర్చోబెట్టారు. ఇడ్లీ తిని రాకూడదని గాని, చెప్పులతో కాకుండా బూట్లతో రావాలని గాని ముందుగా ఎవరూ చెప్పలేదు. లోపలికి పిలిచాక చొక్కా, బనియను విప్పించి, నీళ్లైనా తడపకుండా రేజరుతో ఛాతీ మీద అక్కడక్కడా వెంట్రుకలు గీశారు. చల్లటి జిగురు పూసి, తీగల బిళ్లలు అతికించి, నడుముకొక పట్టీ, చేతికి బీపీ పట్టీ కట్టారు. గదికీ బయటి హాలుకూ మధ్య తలుపు లేదు, ఒక తెర మాత్రం ఉంది, అదీ సగం దాకానే వస్తుంది. అర్ధనగ్నంగా, సగం సగం గొరిగిన ఛాతీతో, వదులైన ప్యాంటును ఒక చేత్తో పట్టుకొని నిలబడ్డ నన్ను హాలులో ముందు వరుసలో కూర్చున్నవారందరూ చూడవచ్చు.

నాకంటే ముందు ఆ యంత్రం మీద ఒక పెద్దాయన నడిచారు. డెబ్బై దాటి ఉంటాయి. కోవూరు వైపు పల్లెలో మొలగొలుకుల వరి పండించే రైతు. పంచె ఎగగట్టుకొని, ఉత్తికాళ్లతో, పొలం గట్టు మీద మడవ చూడబోతున్నవాడిలా తొమ్మిది నిమిషాలు నడిచి దిగారు. దిగుతూ నన్ను చూసి, "బ్యాంకు సారు గదా?" అన్నారు. నేనూ గుర్తుపట్టాను. బంగారం మీద అప్పు తిరగరాయించుకోవడానికి వచ్చినప్పుడు, భోజనాల వేళ అయిందని, మూడింటికి రమ్మని మెట్లు దింపి పంపినది నేనే.

ఈ పరీక్షలో కాళ్ల కింది పట్టీ మొదట గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, పది శాతం వాలుతో కదులుతుంది. ప్రతి మూడు నిమిషాలకూ వేగమూ వాలూ రెండూ పెరుగుతాయి. మొదటి మూడు నిమిషాలూ నేను మర్యాదగానే నడిచాను. నాలుగో నిమిషంలో వేగం నాలుగు కిలోమీటర్లు కాగానే పిక్కలు బిగుసుకుపోయాయి, గొంతు ఆరిపోయింది, ముందున్న కడ్డీని పట్టుకొని వేలాడసాగాను. కడ్డీ వదలమని టెక్నీషియను కుర్రవాడు రెండుసార్లు అరిచాడు. నా వయసుకు లెక్కప్రకారం గుండె అందుకోగల గరిష్ఠ వేగం నిమిషానికి 169 సార్లు కొట్టుకోవడం. అందులో ఎనభై ఐదు శాతం, అంటే 144 దాకా తీసుకువెళ్లడం వారి పని. నాది ఐదో నిమిషం రాకముందే 150 దాటింది. "అబ్బయా, నిదానంగా పో, ఆ పట్టీ యాడికీ తీసకపోదులే" అని తెర అవతలి నుంచి పెద్దాయన అన్న మాటకు హాలులో నవ్వు వినిపించింది. ఆయన వెక్కిరింపుగా అనలేదని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాత్రం నా చెవులు కాలిపోయాయి. ఐదు నిమిషాల పది సెకన్లకు ఆపేయమని చెయ్యి ఊపాను.

కుర్రవాడు తీగలు పీకుతూ, "ఇంట్లో కూడా కుర్చీలోనే కూర్చుంటారా సార్?" అన్నాడు, హాలంతా వినపడేటట్లు. ఆ ప్రశ్న నా నిద్రలేమిలోకి కొత్తగా వచ్చి చేరింది. రిపోర్టుకు మరో రెండు గంటలు కూర్చోబెట్టారు. గుండెకు రక్తం చాలనట్లు కనిపించే మార్పులేవీ లేవని, శ్రమకు తట్టుకునే శక్తి మాత్రం 'పూర్' అని అందులో రాసి ఉంది. ఆ ఒక్క పదం కింద ఎవరో పెన్నుతో గీత కూడా గీశారు. రోగి సిగ్గుపడితే బాగుపడతాడని ఆ సంస్థవారికి ఎవరు చెప్పారో తెలియదు. తెర పూర్తిగా వేయడానికి రెండు గజాల గుడ్డ చాలు. డాక్టరు గారు మాత్రం రిపోర్టు చూసి, "మీ గుండెకు జబ్బు లేదండీ, పనే లేదు" అన్నారు.

రాత్రి భోజనమయ్యాక మాగుంట లేఅవుటు వీధుల్లో పది నిమిషాల నడకతో మొదలుపెట్టాను. కండరం కదిలేటప్పుడు ఇన్సులిను సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుందట. అందుకే తిన్న తరువాతి నడకకు అంత విలువ. వారానికి పదేసి నిమిషాలు పెంచుకుంటూ పోయి, ఎండలు ముదిరేసరికి తెల్లవారుజామునే స్వర్ణాల చెరువు కట్టకు చేరుకున్నాను. మే నెలలో మన ఊళ్లో ఏడు దాటాక నడవడం ఆరోగ్యం కోసం కాదు, ఆసుపత్రి కోసం. రొట్టెల పండగ రోజుల్లో ఆ చెరువు ఒడ్డునే ఉన్న బారాషహీద్ దర్గా పరిసరాలలో కాలు పెట్టే చోటు ఉండదు కనుక ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి మారాను. వాయుగుండాలు పట్టుకున్న ఈ కార్తీకంలో మా ఇంటి మెట్లే నా మైదానం. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండో దాని కోసం ఒక జిమ్ములో చేరితే, ఏడాది రుసుము ముందే కట్టించుకొని మూడో నెలలో తాళం వేశారు. జిమ్ముకు నెలకు మించి ముందుగా డబ్బు కట్టకండి. ఇప్పుడు గోడకు చేతులానించి దండీలు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం చేస్తున్నాను. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునేవారు, నడకలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో గ్లూకోజు బిళ్లలు పెట్టుకోవాలి, ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. నడక సంఘాల సంగతి నన్ను అడగవద్దు. అర కిలోమీటరు నడిచి కారం దోసెకు బయలుదేరేవారే నాకు తగిలారు.

మూడు నెలలకు చక్కెర 7.1కి దిగింది. మాత్రల వాటా కూడా అందులో ఉంది, మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. నిద్ర విషయంలో జరిగింది మాత్రం నాకు బాగా గుర్తుంది. ఆషాఢంలో ఒక రోజు కళ్లు తెరిచేసరికి గడియారంలో ఐదుంబావు. మూడింటి మెలకువ రానే లేదు. అమ్మ గుర్తు రావడం ఆగలేదు గాని, కట్ట మీద నడుస్తున్నప్పుడు వచ్చే అమ్మ వేరు, ఫ్యాను కింద వచ్చిన అమ్మ వేరు. కట్ట మీద ఆమె ఉలవచారు కాస్తుంది, నన్ను తిడుతుంది. ఒకటి రెండుసార్లు నడుస్తూనే ఏడ్చాను, చీకట్లో ఎవరూ చూడలేదు. దిగులు బాగా ముదిరినవారు నడకతోనే సరిపెట్టుకోవద్దని, మానసిక వైద్యులను కలవాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

ఇక మంగళవారం. బూట్లు వేసుకొని, మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకుండా, ఛాతీ ఇంట్లోనే నున్నగా గీసుకొని వెళ్లాను. వేగం గంటకు 5.5 కిలోమీటర్లకు, వాలు పద్నాలుగు శాతానికి చేరాక కూడా కడ్డీ ముట్టుకోలేదు. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లకు ఆపించాను. పెద్దాయన తొమ్మిది నిమిషాలు ఇంకా అందలేదు. దిగి చూస్తే ఆనాటి కుర్రవాడు లేడు, మానేసి వెళ్లాడట. కొత్తమ్మాయి నా పాత రిపోర్టు వైపు చూడనైనా లేదు. తీగలు విప్పి, తుడుచుకోవడానికి దూది చేతిలో పెట్టి, తెర అవతలికి తల పెట్టి తరువాతివారిని పిలిచింది. తెర ఇంకా సగమే ఉంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చేటప్పుడు, లోపలికి వెళ్లే ఆయన పంచె జారకుండా పట్టుకొని నిలబడితే, ఆ తెరను నా చేత్తో ఎంతవరకు లాగవచ్చునో అంతవరకు లాగి వచ్చాను.