ఐరోపా సమాఖ్యను మన రాయలసీమ పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి

జర్మనీలోనో బెల్జియంలోనో పెరుగుతున్న మన పిల్లలకు బళ్లో ఐరోపా సమాఖ్య పాఠం ఎలాగూ వస్తుంది. నీలం జెండా, పన్నెండు నక్షత్రాలు, 27 దేశాల పేర్లు గడగడా అప్పజెప్పేస్తారు. సెలవులకు అనంతపురమో కడపో వచ్చినప్పుడు "అన్ని దేశాలు ఒకటెట్లయినాయి రా?" అని అబ్బ (తాత) అడిగితే మాత్రం నోరు పెగలదు. పాఠంలో ఫలితం ఉంటుంది గానీ, పని జరిగిన తీరు ఉండదు. ఆ తీరు విడమరిచి చెప్పడానికి కావలసిన సామగ్రి మన సీమ జిల్లాల్లోనే చాలా ఉంది.

జెండాతో కాదు, బొగ్గుతో, ఉక్కుతో మొదలుపెట్టండి. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ దేశాలన్నీ వెంటనే కలిసిపోదామనలేదు. యుద్ధానికి ఆయుధాలు తయారయ్యేది ఏ సరుకులతోనో, వాటి ఉత్పత్తిని ఫ్రాన్స్, జర్మనీ ఒకే ఉమ్మడి సంస్థ చేతిలో పెట్టాలన్నాడు. 1951 ఏప్రిల్ 18న ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఆ ఒప్పందం మీద సంతకం చేశాయి. తొమ్మిది మంది సభ్యుల సంస్థ తీసుకున్న నిర్ణయానికి ఆరు ప్రభుత్వాలూ కట్టుబడాలి. అదే ఊపులో ఉమ్మడి సైన్యం పెట్టబోతే 1954 ఆగస్టులో ఫ్రాన్స్ పార్లమెంటే తోసిపుచ్చింది. ఈ ఓటమిని పిల్లలకు తప్పకుండా చెప్పాలి. బొగ్గు లెక్క అప్పగించినంత తేలిగ్గా ఏ దేశమూ సైన్యాన్ని అప్పగించదు.

దీనికి మన దగ్గరున్న పోలిక తుంగభద్ర బోర్డు. డ్యామ్ కర్ణాటకలో హొసపేట దగ్గరుంది. దిగువ కాలువ నీళ్లు కర్నూలు వైపు, ఎగువ కాలువ నీళ్లు అనంతపురం, కడప వైపు రావాలి. గేట్లు ఒక్క రాష్ట్రం చేతిలోనే ఉంటే కింది రైతుకు నమ్మకం కుదరదు. అందుకే 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పని ఉమ్మడి బోర్డుకు వెళ్లింది. ఒక్కటే తేడా: బోర్డు పైన ఢిల్లీ ఉంది, ఆ ఆరు దేశాల పైన ఎవరూ లేరు. అందుకని వాళ్లు లక్సెంబర్గ్‌లో సొంతంగా కోర్టు కూడా కట్టుకున్నారు. నా దృష్టిలో మొత్తం కట్టడానికి ఆయువుపట్టు ఆ కోర్టే.

ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకైతే చెక్‌పోస్టు చాలు. అనంతపురం నుంచి బళ్లారి వెళ్లే లారీ ఒకప్పుడు రాష్ట్ర సరిహద్దులో పన్ను కాగితాల కోసం ఆగేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఆరు దేశాలు తమ మధ్య సుంకాలను 1968 జులై 1 నాటికి ఎత్తేశాయి. అంతటితో ఆగలేదు, బయటి సరుకు మీద అందరికీ ఒకే సుంకం పెట్టాయి. చాలామంది తల్లిదండ్రులు ఈ రెండో భాగాన్ని వదిలేస్తారు, అసలు కిటుకు అందులోనే ఉంది. మంగంపేట ముగ్గురాయి రోటర్‌డామ్‌లో దిగినా హాంబర్గ్‌లో దిగినా సుంకం ఒక్కటే. బయటి సుంకం దేశానికొక రకంగా ఉంటే, తక్కువ ఉన్న రేవులో దించి మిగతా దేశాలకు తోలేస్తారు. దాన్ని ఆపాలంటే సరుకు ఎక్కడ తయారైందో ప్రతి సరిహద్దులోనూ చూడాలి. నార్వే ఉమ్మడి మార్కెట్‌లో ఉన్నా సుంకాల కూటమిలో లేదు, అందుకే స్వీడన్ సరిహద్దులో కస్టమ్స్ ఉంది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చినప్పుడు ఉత్తర ఐర్లాండ్ దగ్గర తనిఖీ ఎక్కడ పెట్టాలన్నదే అన్నిటికంటే గట్టి చిక్కుముడి అయింది.

పన్నెండేళ్లు దాటితే ఓట్ల లెక్క చేయించండి. చాలా చట్టాలకు 55 శాతం దేశాలు, అంటే 27లో 15, ఒప్పుకోవాలి. వాటి జనాభా మొత్తంలో 65 శాతం ఉండాలి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ మూడూ కలిస్తే 35 శాతం దాటిపోతుంది. అయినా అడ్డుకోవాలంటే నాలుగో దేశం తోడు కావాలి. చిన్న దేశాలకు అది రక్ష. పన్నులు, విదేశాంగ విధానం లాంటి వాటికి మాత్రం అందరూ ఒప్పుకోవాల్సిందే, అక్కడే పనులు నిలిచిపోతుంటాయి. పక్కనే జీఎస్టీ మండలి లెక్క వేయించండి: కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు. కేంద్రం కాదంటే ఏదీ నెగ్గదని పిల్లలే పట్టేస్తారు.

యూరో గురించి ఒక్క ముక్క. ప్రభుత్వ లోటు దేశ ఆదాయంలో 3 శాతం, అప్పు 60 శాతం దాటొద్దన్నారు, కానీ ఖజానాలు వేరుగానే ఉంచుకున్నారు. అనంతపురానికి కరువొస్తే ఢిల్లీ ఖజానా నుంచి డబ్బు వస్తుంది. సమాఖ్య బడ్జెట్ మాత్రం దేశాల ఆదాయంలో సుమారు 1 శాతమే. గ్రీసు కుంగినప్పుడు షరతుల అప్పులే దిక్కయ్యాయి.

సీమ పిల్లలకు శ్రీబాగ్ ఒడంబడిక తెలియాలి. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు రాసుకున్నారు: కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లు సీమకు, నెల్లూరుకు ముందు వరస, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో అది హైదరాబాదుకు పోయింది. మాట తప్పితే అడగడానికి ఆ కాగితంలో ఏ యంత్రాంగమూ లేదు. ఐరోపాలో తలసరి ఆదాయం సగటులో 75 శాతానికి తగ్గిన ప్రాంతానికి అభివృద్ధి నిధుల్లో ఎక్కువ వాటా అని చట్టంలోనే ఉంది. ఒప్పందం మీరిన దేశం మీద సమాఖ్య పాలన చూసే కమిషన్ కోర్టుకెక్కి జరిమానా వేయించగలదు. వెనకబడిన ప్రాంతం నుంచి వెళ్లిన వాళ్లం కాబట్టి ఈ తేడా మన పిల్లలకు ఇంకెవరికన్నా బాగా తలకెక్కుతుంది.

పదహారేళ్లొచ్చేసరికి పాస్‌పోర్టు మాట ఎత్తాలి. సమాఖ్య పౌరసత్వం విడిగా దొరకదు, ఏదో ఒక సభ్యదేశపు పౌరసత్వంతోనే వస్తుంది. భారత పాస్‌పోర్టుతో జర్మనీలో ఉంటున్న పిల్లలు షెంగెన్‌లోని (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల కూటమిలోని) మిగతా దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. తోటి పిల్లల్లా అక్కడ ఉద్యోగంలో చేరే హక్కు దానంతట అది రాదు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, అక్కడికి వీసా నియమాలు వేరు. జర్మన్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఆ కార్డుతో ఇక్కడ ఓటు లేదు, సాగుభూమి కొనడానికి వీల్లేదు. అబ్బ నుంచి వారసత్వంగా వచ్చే చేనుకు మాత్రం అడ్డులేదు. ఈ సంగతులు దరఖాస్తు పెట్టకముందే పిల్లల్నీ అవ్వాతాతల్నీ కూర్చోబెట్టి చెప్పండి.