పుట్టగొడుగును గుర్తుపట్టాలంటే మట్టి నుంచి మొదలుపెట్టండి

అడవి పుట్టగొడుగును పైరంగు చూసి తేల్చకండి. ఆ రంగు వానకు వెలిసిపోతుంది, వయసుతో మారుతుంది. చుట్టూ మట్టిని కత్తితో వదులు చేసి, కాడను మొదలంటా తీయాలి. అమానిటా ప్రజాతికి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ముఖ్యమైన ఆనవాలు కాడ అడుగున ఉండే తిత్తి. పైకి కోస్తే ఆ ఆధారం మట్టిలోనే ఉండిపోతుంది. ప్రాణాంతకమైన అమానిటా ఫల్లాయిడిస్‌ను తినే అగారికస్‌గా (బటన్ పుట్టగొడుగు ఉన్న ప్రజాతి) పొరబడేది ఇలాగే.

తర్వాత సిద్ధబీజాల ముద్ర, అంటే పుట్టగొడుగు రాల్చే విత్తనాల్లాంటి సన్నపొడి (స్పోర్లు) కాగితం మీద వదిలే గుర్తు. కాడ తీసేసి, గొడుగును దాని అడుగున ఉండే రేకులు కిందికి వచ్చేలా సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద పెట్టి, పైన నీటిచుక్క వేసి గ్లాసు బోర్లించండి. ఒక రాత్రి చాలు. తెల్లకాగితం ఒక్కటే వాడితే అమానిటా తెల్లముద్ర కనిపించదు. అగారికస్‌ది ముదురు చాక్లెట్ రంగు. రేకుల రంగును బట్టి ఊహించకండి: లేత అగారికస్ రేకులు గులాబీ రంగులో ఉంటాయి. మరీ లేతవి, ఎండినవి అయితే ముద్ర పడదు.

రస్సులా, లాక్టేరియస్ మరో రెండు ప్రజాతులు. రస్సులా కాడ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. లాక్టేరియస్ రేకులు గీరితే పాలు కారతాయి; ఆ పాల రంగు మారుతుందేమో కాసేపు ఆగి చూడండి. దగ్గరున్న చెట్ల పేర్లూ రాసుకోండి, వీటిలో చాలావాటి బతుకు ఆ వేర్లతోనే ముడిపడి ఉంటుంది.

ఇవన్నీ ప్రజాతి దాకా చేరుస్తాయి. జాతి తేల్చడానికి చాలాసార్లు మైక్రోస్కోప్ కావాలి. అనుమానం ఉన్నదాన్ని రుచి చూసి మింగకండి. ఫల్లాయిడిస్ విషం ఉడికించినా పోదు.