ప్యూర్టోరికో వెళ్తున్నారా? ముందు పంచాంగం తీయండి

అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకుంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకోరు. కరీబియన్ దీవి ప్యూర్టోరికోకి మాత్రం అమావాస్యే అసలు ముహూర్తం. అమెరికాలో ఉండే మనవాళ్లు చాలామంది లాంగ్ వీకెండ్ చూసుకుని ఫ్లైట్ టికెట్లు కొంటారు, తర్వాత హోటల్ బుక్ చేస్తారు, చివర్లో రాత్రి వెలిగే నీళ్లు చూపించే ‘బయో బే’ టూర్ వెతుకుతారు. తీరా చూస్తే ఆ వారం పున్నమి. మనిషికి ఇంత అని డాలర్లు కట్టి, చీకట్లో తెడ్డేసి, మామూలు నల్లటి నీళ్లు చూసి వస్తారు. ఈ వరస తిరగేయండి. ముందు తిథి, తర్వాత ఫెర్రీ, ఆ తర్వాతే ఫ్లైట్.

బయో బే అంటే రాత్రిపూట నీలంగా వెలిగే నీటి మడుగు. పైరోడినియం బహామెన్సే అనే ఏకకణ జీవులు అందులో కోట్ల కొద్దీ ఉంటాయి. నీరు కదిలితే ఒక్కొక్కటీ క్షణంలో చిన్న భాగం పాటు మెరిసి ఆరిపోతుంది. చుట్టూ ఉన్న మడ చెట్ల ఆకులు నీళ్లలో కుళ్లి వాటికి పోషకాలు అందిస్తాయి. సముద్రంలోకి దారి సన్నగా ఉంటుంది కాబట్టి అవి కొట్టుకుపోకుండా లోపలే మిగులుతాయి. ఈ రెండూ కుదిరిన చోట్లు ప్రపంచంలో కొన్నే. ప్యూర్టోరికో ఒక్కచోటే మూడున్నాయి: బియేకెస్ ద్వీపంలో మస్కిటో బే, ఫహార్డో దగ్గర లగూనా గ్రాండే, నైరుతి మూల లా పార్గేరా.

ఆ జీవులు ఎంత వెలిగినా, పైన వెన్నెల ఉంటే అది మన కంటికి ఆనదు. అలాగని సరిగ్గా అమావాస్యే కానక్కర్లేదు. పున్నమి దాటాక చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ పంచమి వచ్చేసరికి చంద్రోదయం రాత్రి పదికి అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఏడున్నర, ఎనిమిది టూర్లకి చీకటి దొరుకుతుంది. అక్కణ్ణుంచి శుద్ధ తదియ దాకా మంచి రోజులు. శుద్ధ చవితి, పంచముల్లో అయితే మొదటి టూర్ వదిలేసి ఆఖరిది తీసుకోండి, అప్పటికి చంద్రుడు దిగిపోతూ ఉంటాడు. శుద్ధ దశమి నుంచి బహుళ విదియ దాకా డబ్బు దండగ. కొందరు నిర్వాహకులు పున్నమి రాత్రుల్లో పడవలే తీయరు. తీసేవాళ్లు మీకు చెప్పకపోవచ్చు కూడా.

మూడింట్లో బాగా వెలిగేది మస్కిటో బే, అనుమానం లేదు. చిక్కల్లా అక్కడికి చేరడంలోనే ఉంది. బియేకెస్ ఫెర్రీ సెయిబా నుంచి బయల్దేరుతుంది. శాన్ హువాన్ ఎయిర్‌పోర్టు నుంచి సెయిబాకి గంట పైనే డ్రైవ్, ఉదయం ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. ఫెర్రీ పాతకాలంలో ఫహార్డో నుంచి నడిచేది, 2018లో మారింది. పాత బ్లాగులు చదివి ఫహార్డోకి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఛార్జీ చాలా చవక, ప్రయాణం అరగంట. అంత చవకగా ఉండటానికి కారణం అది టూరిస్టుల పడవ కాకపోవడం. ఆస్పత్రికి, పనికి, సరుకులకి దీవివాళ్లు వాడుకునే బస్సు లాంటిదది. సీట్లలో వాళ్లకే ప్రాధాన్యం. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొని, గంట ముందు రేవులో ఉండండి. అద్దె కారును ఫెర్రీ ఎక్కించడానికి కారు కంపెనీల ఒప్పందాలు ఒప్పుకోవు, దాన్ని సెయిబా పార్కింగ్‌లో వదిలి, బియేకెస్‌లో వేరే జీపు తీసుకోవాలి. అక్కడ జీపులు తక్కువ, హోటల్‌తోపాటే బుక్ చేయండి. ఫెర్రీ దొరక్కపోతే సెయిబా నుంచి చిన్న విమానాలున్నాయి, పది నిమిషాల్లో దింపేస్తాయి. ఎక్కేముందు సామానుతోపాటు మనుషుల్నీ తూకం వేస్తారు, మొహమాటపడకండి.

అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామని బియేకెస్‌కి రానూపోనూ టికెట్ తీసుకుంటారు. బయో బే రాత్రి వ్యవహారం, టూర్ ముగిసేసరికి తిరుగు ఫెర్రీ ఉండదు. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు అక్కడే ఉండాలి. మబ్బో వానో అడ్డొస్తే రెండో రాత్రి అక్కరకొస్తుంది.

బియేకెస్ కుదరనివాళ్లకి ఫహార్డోలోని లగూనా గ్రాండే. మడ చెట్ల కొమ్మలు పైన కలిసిపోయిన సన్నటి కాలువలోంచి ఇద్దరు కూర్చునే కయాక్‌లో వెళ్లాలి. రానూపోనూ తెడ్డేసేసరికి భుజాలు పట్టేస్తాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకి ఇది వద్దు. ఎలక్ట్రిక్ పడవలో తిప్పేవాళ్లు కూడా ఉన్నారు, పెద్దవాళ్లకి అదే మేలు. మస్కిటో బేలోనూ, ఇక్కడా నీళ్లలో దిగడం నిషేధం. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్లలో చెయ్యి పెడితే ఆ జీవులకి హాని, కాబట్టి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. మూడోదైన లా పార్గేరాలో దిగి ఈదొచ్చు, కానీ వెలుగు తక్కువ. ఫోన్‌తో ఫోటో వస్తుందని ఆశ పెట్టుకోకండి. కదులుతున్న పడవలో నైట్ మోడ్ పనిచేయదు. ఇంటర్నెట్‌లో కనిపించే నీలం ఫోటోలు స్టాండు మీద కెమెరా పెట్టి, ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసినవి.

ఇక కాగితాల సంగతి. ప్యూర్టోరికో అమెరికా భూభాగమే. పాస్‌పోర్టులో హెచ్1బి (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ గడువు దాటినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) చెల్లుబాటులో ఉంటే ప్రధాన భూభాగం నుంచి వెళ్లి రావచ్చు, అది డొమెస్టిక్ ఫ్లైటే. బి2 (సందర్శక వీసా) మీద వచ్చిన అమ్మానాన్నలకి కూడా ఇదే వర్తిస్తుంది. అయినా పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు, ఐ-797 (హెచ్1బి మంజూరు నోటీసు) అసలు కాగితం చేతిసంచిలో పెట్టుకోండి, ఎయిర్‌పోర్టులో అడిగే అవకాశం ఉంది. ఒక ఉచ్చు మాత్రం గుర్తుంచుకోండి. ఎలాగూ వచ్చాం కదా అని శాన్ హువాన్ నుంచి క్రూజ్ ఎక్కి సెయింట్ మార్టెన్‌లోనో బార్బడోస్‌లోనో కాలు పెడితే దేశం దాటినట్టే. తిరిగి రావడానికి చెల్లే వీసా కావాలి. అటువంటి క్రూజ్‌ను స్టాంపింగ్ లేనివాళ్లు తలపెట్టకూడదు.

డ్రైవింగ్‌లో ఓ వింత: దూరాలు కిలోమీటర్లలో, వేగపరిమితులు మైళ్లలో, పెట్రోలు లీటర్లలో. బోర్డు మీద 55 అని ఉంటే మైళ్లే. టోల్ గేట్ల దగ్గర మనిషి ఉండడు, అంతా కారుకి అంటించే ఆటోఎక్స్‌ప్రెసో ట్యాగ్‌తోనే వసూలు. అద్దె కారులో అది ఉందో లేదో, రోజువారీ ఛార్జీ ఎంతో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి, లేకపోతే జరిమానాలు నెల తర్వాత కార్డు మీద పడతాయి. బియేకెస్ రోడ్ల మీద రాత్రిపూట గుర్రాలు అడ్డంగా నిలబడి ఉంటాయి, నెమ్మదిగా పోవాలి. ఆ ద్వీపం తూర్పు భాగంలో అమెరికా నౌకాదళం 2003 దాకా బాంబు సాధన చేసింది. పేలని బాంబులు ఇంకా ఉన్నాయి, కంచె దాటకండి.

శాన్ హువాన్, కరీంనగర్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 18.4 డిగ్రీలు. ఎండ అదే ఎండ, కానీ సముద్రపు గాలి వల్ల ఒంటికి తెలియదు. మధ్యాహ్నానికి వీపు కమిలాకే తెలుస్తుంది. పొడుగు చేతుల స్విమ్ చొక్కా ఏ క్రీముకంటే మేలు. ఉత్తర తీరంలో చలికాలం అలలు పెద్దవి, సముద్రంలోకి లాగే ప్రవాహాలుంటాయి. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. పిల్లలతో అయితే లుకీయో, ఎస్కాంబ్రోన్ బీచ్‌లు నయం. ఒడ్డున చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలున్న చెట్టు కనిపిస్తే దూరంగా ఉండండి. అది మంచినీల్, కాయ విషం, పాలు తగిలితే బొబ్బలెక్కుతాయి. వానలో దాని కింద నిలబడినా అంతే.

ఎల్ యుంకే వర్షారణ్యం లుకీయోకి పక్కనే. పొద్దున్నే వెళ్లాలి, పార్కింగ్ త్వరగా నిండిపోతుంది. ఏటిలో ఈదుతున్నప్పుడు నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకి మారితే క్షణం ఆగకుండా గట్టెక్కండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండలో వాన పడి ఉంటుంది. పాత శాన్ హువాన్‌లో ఎల్ మోర్రో, శాన్ క్రిస్టోబాల్ కోటలు రెండింటికీ కలిపి పది డాలర్ల టికెట్, 24 గంటలు చెల్లుతుంది, పదిహేనేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి ఉచితం. నీలం రాళ్ల వీధులు తడిస్తే జారతాయి.

తిండి దగ్గర శాకాహారులకి కాస్త కష్టమే. అర్రోస్ కోన్ గండూలెస్ అని వాళ్ల పండగ అన్నం ఒకటుంది. గండూలెస్ అంటే మన కందులే, పేరు కూడా చుట్టం లాగే వినిపిస్తుంది. సంబరపడి ఆర్డరిచ్చేయకండి, అందులో పంది మాంసం వేయడం మామూలు. మోఫోంగో అంటే వేయించిన అరటికాయని వెల్లుల్లితో రోట్లో దంచి చేసేది, దాన్లోనూ పంది చర్మం వేపుడు కలుపుతారు. ‘వెహెతారియానో’ అంటే కొందరికి చికెన్ ఫర్వాలేదనే అర్థం. అందుకని ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పోయో’ అని విడివిడిగా చెప్పండి, మాంసం, హామ్, కోడి లేకుండా అని. తోస్తోనెస్ అనే అరటికాయ బిళ్లలు దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి, నూనె ఏదని అడగాలి. వంటగది ఉన్న బస తీసుకుంటే గొడవ లేదు. సూపర్‌మార్కెట్లో పచ్చి అరటికాయలు, కందులు, బియ్యం అన్నీ ఉంటాయి. పచ్చడి, కారప్పొడి సూట్‌కేసులో వేసుకుపోవచ్చు. బస బుక్ చేసేటప్పుడు జనరేటరు, నీళ్ల ట్యాంకు ఉన్నాయా అని అడగడం మర్చిపోవద్దు. 2024 డిసెంబరు 31న, మళ్లీ 2025 ఏప్రిల్ 16న దాదాపు ద్వీపమంతా కరెంటు పోయింది.

నెలల సంగతికొస్తే, తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అందులో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడ్డు నెలలు. డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా ధరలు మండిపోతాయి. వేసవిలో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు తూర్పు, దక్షిణ తీరాలకి కొట్టుకొచ్చి కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు లోపు వచ్చే అమావాస్య దొరికితే పట్టేయండి.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టుకి మామూలుకంటే అరగంట ముందుగా వెళ్లండి. చెక్-ఇన్ కంటే ముందే ప్రతి పెట్టెనీ వ్యవసాయ శాఖ ఎక్స్‌రేలో పెట్టి స్టిక్కరు వేయించుకోవాలి. స్టిక్కరు లేని పెట్టెని కౌంటర్లో తీసుకోరు, మళ్లీ వెనక్కి పంపుతారు. వేయించిన కాఫీ గింజలకి ఇబ్బంది లేదు. రోడ్డు పక్కన కొన్న మామిడిపళ్లు మాత్రం దాటనివ్వరు, వాటిని ముందురోజు రాత్రే తినేయండి.