గేటు పడ్డాక రెండో బండి

"మీ దగ్గర గేటు పడ్డాక కూడా కింద నుంచి దూరి పోతారటగా, ప్రాణమంటే లెక్కలేదా?" అని ఇక్కడ తోటి ఉద్యోగి ఒకాయన అడిగాడు. జపాన్‌లో రైల్వే సిగ్నల్ పని చేసుకునే విశాఖ మనిషికి ఆ మాట గట్టిగానే తగులుతుంది. దూరడం నిజమే, తప్పే. కానీ లెక్కలేక కాదు.

ఇక్కడ చాలాచోట్ల గంట మోగడం మొదలైన అర నిమిషంలో బండి వచ్చేస్తుంది, వెళ్లగానే గేటు లేస్తుంది. మన పెందుర్తి, కొత్తవలస లైను సంగతి వేరు. అదే పట్టాల మీద వందే భారత్ పోవాలి, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం దించుకొచ్చే 58 వ్యాగన్ల గూడ్సూ పోవాలి. ఆ గూడ్సు పొడవే ఆరు వందల మీటర్లకు పైన. లోడుతో ఉంటే ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. ఇక్కడి మామూలు లైన్లలో బండి అత్యవసర బ్రేకుతో 600 మీటర్లలో ఆగేలా వేగం చూసుకుంటారు. అన్నట్టు, 1960లలో ఆ ఖనిజం దిగే కొత్తవలస–కిరండూల్ లైను వేసింది జపాన్‌కి ఖనిజం పంపడానికే. ఆ మాట ఆయనకి చెప్పాను కూడా.

స్టేషన్ పక్క గేటుకి ఇంకో చిక్కుంది. ప్లాట్‌ఫారం మీద ఆగిపోయే బండికి కూడా గేటు వేయాల్సి రావచ్చు. బ్రేకు సరిగా పట్టక బండి ముందుకు జారినా దేన్నీ తగలకూడదని, స్టార్టర్ సిగ్నల్ (స్టేషన్ నుంచి బయల్దేరడానికి అనుమతిచ్చేది) దాటాక 120 మీటర్లు ఖాళీగా ఉంచుతారు. గేటు ఆ దూరంలో ఉంటే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు. గేట్‌మ్యాన్ రోడ్డు ఖాళీ చేయించి, హ్యాండిల్ తిప్పి రెండు వైపులా బూమ్ (గేటు కర్ర) దించి తాళం వేస్తాడు. ఇంటర్‌లాక్ ఉన్న గేటుకి ఆ తాళం పడితేగానీ సిగ్నల్ రాదు. అది లేనిచోట గేటు వేసినట్టు గుర్తుగా ప్రైవేట్ నంబరు (ఆ ఒక్కసారికే వాడే రహస్య అంకె) చెప్పాలి, అవతల దాన్ని రాసుకోవాలి. ఒకసారి సిగ్నల్ ఇచ్చేశాక "బావూ, ఒక్క నిమిషం తియ్యవా" అని ఎంత బతిమాలినా తీయడం కుదరదు.

మన గేట్‌మ్యాన్ చేసే ఇంకో పని, మనిషి లేకుండా దానంతటదే పడే ఇక్కడి గేటు చేయలేదు. జెండా పట్టుకుని పోతున్న ప్రతి వ్యాగన్ కిందా చూస్తాడు. ఇరుసు పెట్టె దగ్గర పొగ, పట్టేసిన బ్రేకు, వేలాడే గొలుసు, చక్రం అరిగితే వచ్చే టకటక, ఏది కనిపించినా వినిపించినా ఎర్ర జెండా ఎత్తుతాడు. చివరి వ్యాగన్‌కి టెయిల్ బోర్డు (బండి అక్కడితో అయిపోయిందని చెప్పే పలక) లేకపోతే బండి తెగిందేమోనని స్టేషన్‌కి చెబుతాడు. గేటులో లారీ ఇరుక్కుంటే పట్టాల వెంట పరుగెత్తి 600 మీటర్ల దగ్గర, చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ని హెచ్చరించే టపాకాయ ఒకటి, 1200 దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి.

ఇక్కడ ఆ పరుగు లేదు. చాలా గేట్ల స్తంభానికి ఎర్ర బటన్ ఉంటుంది, దారిన పోయే ఎవరైనా నొక్కవచ్చు. నొక్కితే డ్రైవర్‌కి దూరం నుంచే ఎర్ర దీపాలు వెలుగుతాయి. గేటు కర్ర కూడా వంగుతుంది. లోపల చిక్కుకున్న కారు దాన్ని ముందు భాగంతో నెట్టుకుని బయటపడొచ్చు. అది మనకి రావాలి.

అంతకంటే ముందు రావలసింది బాణం గుర్తు. ఇక్కడ చాలా గేట్ల దగ్గర బండి ఏ వైపు నుంచి వస్తోందో ఆ బాణం వెలుగుతుంది. ఎదురుగా రెండోది వస్తుంటే రెండో బాణమూ వెలుగుతుంది. మన దగ్గర దూరిపోయేవాళ్లలో ఎక్కువమంది చూసేది వెళ్లిపోయిన గూడ్సు వెనక భాగాన్నే. దాని చాటున పక్క లైనులో వచ్చే బండి కనిపించదు, గూడ్సు మోతలో హారనూ వినపడదు. గేటు ఇంకా లేవలేదంటే ఇంకో బండి ఉందనే అర్థం. గదిలో ఉన్న గేట్‌మ్యాన్‌కి అది ముందే తెలుసు, బూమ్ దగ్గర బైకు ఆపుకున్నవాడికే తెలియదు. ఇంటర్‌లాక్ ఉన్న గేటు దాకా సిగ్నల్ వైరింగ్ ఎలాగూ వచ్చే ఉంటుంది. అక్కడి నుంచి రెండు బాణాల దీపాలు లాగితే సరిపోతుంది, బైకు మీద కూర్చున్నవాడి కంటి ఎత్తులో, రోడ్డుకి రెండు పక్కలా.