జ్యూస్ సీసాలు, రేస్ కోర్స్ రోడ్డు చేప తలకాయ

సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే మనవాళ్లను రాత్రి ఎన్నింటికి తింటారని అడిగి చూడండి. చాలామందికి ఒక టైమంటూ ఉండదు. లండన్ వాళ్లు మధ్యాహ్నం భోంచేసి సీట్లో కూర్చునేసరికి మనకు రాత్రి తొమ్మిది అవుతుంది, వాళ్లకు సందేహాలన్నీ అప్పుడే మొదలవుతాయి. నేను ఒక బ్యాంకు ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసే పనిలో ఉన్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారమైతే మైక్ మ్యూట్‌లో పెట్టుకుని పెరుగన్నం తింటూ, మధ్యలో ఎవరైనా నా పేరు పిలిస్తే ముద్ద మింగేసి అన్‌మ్యూట్ చేయడం, ఇదే భోజనం. ఏం తిన్నావని అమ్మ ఫోన్‌లో అడిగితే ఒక్కోసారి గుర్తుకు రావడానికి కూడా టైం పట్టేది.

చైనీస్ న్యూ ఇయర్ సెలవులు అయిపోగానే మా ఫ్లోర్‌లో జ్యూస్ క్లెన్స్ గాలి వీచింది. ఆ పండగంతా పైనాపిల్ టార్ట్‌లు, ఎవరింటికి వెళ్తే వాళ్లింట్లో విందులు, కాబట్టి అయ్యాక ఒళ్లు కాస్త తేలిక చేసుకుందామని అందరికీ అనిపించడం సహజమే. కొద్ది రోజులపాటు అన్నం, రొట్టె, మాంసం, కాఫీ ఏవీ లేకుండా రోజుకు ఆరు సీసాల జ్యూస్ మాత్రమే తాగాలి. మీవాళ్లు ఉపవాసాలు ఉంటారు కదా, నీకు ఇది తేలికే అని నా పక్క సీటు చైనీస్ కొలీగ్ ధైర్యం చెప్పింది. అమ్మ మాత్రం, "లంఖణం పరమౌషధం అన్నారు గానీ, డబ్బులిచ్చి లంఖణం చేయమన్నారా? ఒంట్లో బాగోకపోతే జావ తాగవే" అంది. నాకు ఒంట్లో బాగానే ఉంది. తిండి ఒక పద్ధతిలో లేదన్న దిగులే లోపల ఉంది, దానికి ఏదో ఒకటి చేయాలనిపించి ఒప్పుకున్నాను.

సీసాల మీద వరసగా నంబర్లు ఉంటాయి, ఆఫీసు ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టుకున్నాం. పొద్దున్నే ఆకుపచ్చది, అంటే కీరా, సెలరీ, గ్రీన్ ఆపిల్. సెలరీ వాసన మనకు అలవాటు లేనిది, గొంతు దిగడానికి కాస్త పట్టుదల కావాలి. తర్వాత బీట్‌రూట్, క్యారెట్. ఆ తర్వాత పైనాపిల్. సాయంత్రం మిరప్పొడి కలిపిన నిమ్మరసం, నాలుక లేచి కూర్చుంది దానికే. చివర్లో బాదం పాలు. మొదటి రోజు మధ్యాహ్నానికే తలనొప్పి పట్టుకుంది. రోజూ కోపి, అంటే ఇక్కడి కాఫీ, తాగే ఒంటికి ఒక్కసారిగా కెఫీన్ ఆగిపోతే వచ్చే తలనొప్పి అది, ఏ విషాలూ బయటికి పోతున్నందుకు కాదు. రెండో రోజు ఆ నొప్పి పోయింది గానీ చేతులు చల్లబడటం, మీటింగులో మాట తడబడటం, ఎవరేమన్నా చిరాకు రావడం మొదలయ్యాయి.

ఆకలి కన్నా కష్టంగా అనిపించింది మధ్యాహ్నం పన్నెండు గంటలు. ఇక్కడ పన్నెండు కొట్టేసరికి ఎవరో ఒకరు "మకాన్?" అంటారు, మలయ్‌లో తినడం అని, చైనీస్ వాళ్లైనా తమిళులైనా అందరూ అదే మాట. ఫుడ్ కోర్ట్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడం, ఒకరు ఎకానమీ రైస్ (అన్నం, ఎంచుకున్న కూరలు) లైన్‌లో, ఇంకొకరు యోంగ్ తావ్ ఫూ (కూరిన టోఫు, కూరగాయలు) లైన్‌లో నిలబడటం, ఆ తర్వాత ఇరవై నిమిషాలు పిల్లల స్కూళ్లూ ఇంటి అద్దెలూ మాట్లాడుకోవడం. క్లెన్స్ చేస్తున్న రోజుల్లో నేను సీట్లోనే ఉండిపోయాను, సీసా మూత తీసి తాగడానికి రెండు నిమిషాలు చాలు కదా. అలా ఉంటే సాయంత్రం దాకా పని మాటలు తప్ప మనిషితో మాట్లాడిందే లేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉండే వాళ్లకు ఆ ఇరవై నిమిషాలు ఎంత పెద్దవో నాకు అప్పుడు తెలిసింది. నా తిండిలో లోటు ఉన్నది అక్కడే అని, సీసాలతో తీరేది కాదని కూడా తెలిసింది.

జ్యూస్ క్లెన్స్ గురించి ఆలోచిస్తున్న వాళ్ల కోసం తెలిసిన సంగతులు చెబుతాను. ఒంట్లోంచి చెత్త బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయి, దానికి జ్యూస్ ప్యాక్ అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజుల్లో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీళ్లే. కాలేయం, కండరాల్లో ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ, అంటే గ్లైకోజన్, గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీళ్లూ పోతాయి, మళ్లీ అన్నం తినగానే రెండూ తిరిగి వస్తాయి. జ్యూస్ తీసేటప్పుడు పీచులో చాలా భాగం పిప్పిలోనే పోతుంది, మిగిలేది చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్ల రసంలో ఉండే చక్కెరను కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే లెక్కేసింది. సింగపూర్‌లో 2022 డిసెంబర్ నుంచి డ్రింకుల మీద ఎ నుంచి డి దాకా న్యూట్రి-గ్రేడ్ అక్షరాలు వేస్తున్నారు, చక్కెర ఎక్కువున్న వాటికి సి, డి తప్పనిసరి. కొనేటప్పుడు ఆ అక్షరం చూడండి. షుగర్ ఉన్నవాళ్లు క్లెన్స్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. కిడ్నీల్లో రాళ్లు వచ్చినవాళ్లు కూడా అంతే, పాలకూరలో, బీట్‌రూట్‌లో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ, పచ్చి ఆకుల జ్యూస్ అదేపనిగా తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

క్లెన్స్ అయ్యాక ఒక రోజు పెసరపప్పు కిచిడీ, పల్చటి మజ్జిగతో సరిపెట్టుకున్నాను. ఖాళీ కడుపు మీద ఒక్కసారిగా మసాలా పడకూడదని మా హౌస్‌మేట్ అక్క గట్టిగా చెప్పింది. ఆదివారం మాత్రం అందరం కలిసి చేప తలకాయ కూర తినాలని ముందే అనుకున్నాం. అక్క, బావగారు, మా టీమ్‌లో మలయాళీ అబ్బాయి, నా చేత జ్యూస్ తాగించిన చైనీస్ కొలీగ్. ఎక్స్‌పో స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా లిటిల్ ఇండియాలో దిగొచ్చు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, వెనక ఉన్న రేస్ కోర్స్ రోడ్డులో ఆ కూర దొరికే హోటల్‌కు నడిచాం.

ఈ కూర కథ నాకు చాలా ఇష్టం. కేరళ నుంచి వచ్చిన ఎం.జె. గోమెజ్ అనే ఆయన 1949లో సింగపూర్‌లో దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. చేప తలకాయ అంటే చైనీస్ వాళ్లకు ప్రాణం, దాన్ని మన దక్షిణాది పులుపు కారాల్లో వండి ఇద్దామని ఆయనకు తోచింది. ఇక్కడ బతకడానికి వచ్చిన ఒక మనిషి ఇక్కడివాళ్ల ఇష్టాన్ని గమనించి చేసిన వంట ఈ రోజు సింగపూర్ వంటగా చలామణీ అవుతోంది. మేము రోజూ చేసే ఉద్యోగాల్లో ఇంత గొప్ప పని ఏదీ లేదని నాకు అనిపిస్తుంది.

అరటాకు వేసి, అన్నం, రెండు కూరలు, అప్పడాలు పెట్టారు. తర్వాత తలకాయ వచ్చింది, రెడ్ స్నాపర్‌ది, గిన్నె నిండా అదే. ఎర్రటి పులుసు మీద నూనె తేలుతోంది, బెండకాయలు, వంకాయ ముక్కలు, పైనాపిల్ ముక్కలు అంచుల చుట్టూ ఉన్నాయి. మాది భీమవరం దగ్గర, చెరువు చేపలు తిని పెరిగినదాన్ని. ఇంట్లో తలకాయ తాతయ్యది, మా పిల్లలకు నడుం ముక్కలు. అమ్మ పులుసులో చింతపండు చిక్కగా, దించే ముందు మెంతిపొడి, మామిడికాయల కాలమైతే రెండు ముక్కలు. ఇక్కడి పులుసు దానికంటే పల్చన, మసాలా ఎక్కువ, పులుపు ముందు వచ్చి కారం తర్వాత తగులుతుంది. అమ్మ పులుసుతో పోల్చి తక్కువ చేయబుద్ధి కాలేదు, ఇది తన దారిన తాను గొప్పది.

మా కొలీగ్ చెంచాతో కంటి కింద మెల్లగా తడిమి, చెంప కండ మొత్తం విరగకుండా తీసి నా ఆకులో పెట్టింది. వాళ్లలో అది ఎవరికి పెడితే వాళ్లంటే ఇష్టమున్నట్టట. మెత్తగా, జిగురుగా, వెన్నలా విడిపోయింది. అన్నంలో పులుసు పోసి కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నాక చాలాసేపు నేను ఏమీ మాట్లాడలేదు, బావగారు బాగోలేదా అమ్మా అని అడిగారు కూడా. నాలుగు రాళ్లు వెనకేసుకోవడానికి వచ్చిన ఊళ్లో, ఫోన్ బ్యాగులో పడేసి, ఐదుగురం చేతులు ఎండిపోయేదాకా కూర్చుని తిన్నాం. మలయాళీ అబ్బాయి ఎముకలన్నీ శుభ్రంగా చప్పరించాడు. కన్ను మా కొలీగ్ తింది, అది ఎవరికీ ఇవ్వదట.

ఆ వారం నుంచి నా క్యాలెండర్‌లో పన్నెండు నుంచి ఒంటి గంట దాకా మీటింగ్ పెట్టడానికి లేకుండా బ్లాక్ చేశాను. మేనేజర్ అడిగితే భోజనం అని చెప్పాను, సరే అన్నారు.

మీరు సింగపూర్ వచ్చినప్పుడు ఈ కూర తినడానికి వెళ్లేలా ఉంటే ఒంటరిగా వెళ్లకండి, తలకాయ ఒక్కరికి ఎక్కువ. ఆదివారాలు రద్దీ, పన్నెండు లోపే చేరుకుంటే సీటు సులభంగా దొరుకుతుంది. పులుసు ఇంకా కావాలని అడగడానికి మొహమాటపడకండి.