అరిగిపోయినదాన్ని అరిగినట్టే చేసి పట్టుకెళ్లాను

నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఇన్‌స్పెక్షన్ నోట్ మీద సంతకం పడింది. ఒకే ఒక్క ఇంపెల్లర్, అంటే పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం. 310 మిల్లీమీటర్ల అడ్డకొలత, గన్‌మెటల్ (ఒక రకం కంచు), ఆరు రెక్కలు. దానికి నాలుగున్నర నెలలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఓ వారం పోతే నేను కూడా మా తమ్ముడి కొడుకులాగా "ఏముందండీ, అంతా డిజిటల్, చాలా సులువు" అని చెప్పుకు తిరుగుతానేమోనని భయం.

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న వర్క్‌షాపు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్, ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక వీఎంసీ (కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని చెక్కే మెషీన్). ఓ పెద్ద సంస్థ (పేరు చెప్పను, వచ్చే నెల మళ్లీ వాళ్ల గేటు దగ్గరే నిలబడాలి) నుంచి సముద్రపు నీటి పంపుకి ఇంపెల్లర్ కావాలని ఆర్డరొచ్చింది. పంపు విదేశీది, దాన్ని చేసిన కంపెనీ ఆ మోడల్‌కి విడిభాగాలు ఇవ్వడం మానేసి చాలా ఏళ్లయింది. డ్రాయింగ్ లేదు. పాతది ఒకటి శాంపిల్‌గా ఇచ్చారు, అదీ "వాపసు ఇవ్వవలెను, ఎక్కడా కోయరాదు" అని రసీదు మీద నా చేత సంతకం పెట్టించుకుని. ఈ కోయరాదు అన్న మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ఇదివరకైతే ఇలాంటి పని వస్తే నేరుగా కంచరపాలెం వెళ్లి పాటర్న్ మేస్త్రిగారి ముందు పెట్టేవాణ్ణి. ఆయన్ని మావయ్యా అని పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేదు. టేకు చెక్కతో పాటర్న్ (ఇసుకలో అచ్చు దించే నమూనా), కోర్ బాక్సు (లోపలి ఖాళీల కోసం ఇసుక ముద్ద చేసే పెట్టె) చేసి ఇచ్చేవాడు, నేను మారు మాట్లాడకుండా లోహం పోత పోసే ఫౌండ్రీకి పట్టుకెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆయనకి చూపు తగ్గింది, ఉలి ముట్టుకోవడం లేదు. కొడుకులు ఆ పనిలోకి రాలేదు.

అందుకని మా తమ్ముడి కొడుకు, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి నా దగ్గరే పనిచేస్తున్న గుంటడు, "పెదనాన్నా, స్కాన్ చేయించి ప్రింట్ కొట్టిద్దాం" అన్నాడు. వాడి ఫోన్ నిండా ఇవే కబుర్లు. చక్ హల్ అనే ఆయన 1984లో త్రీడీ ప్రింటింగ్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడట, ఇప్పుడు ఆ ప్రింటింగ్‌కి అందరూ వాడే ఎస్‌టీఎల్ ఫైలు ఆయన కంపెనీ నుంచి వచ్చిందేనట. మన ఇస్రో వాళ్లు పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజన్‌ని ప్రింట్ చేసి 2024 మే నెలలో 665 సెకన్లు మండించి చూశారు. అంతకుముందు 14 ముక్కలుగా చేసి 19 చోట్ల వెల్డింగ్ పెట్టేది ఇప్పుడు ఒకటే ముక్క, 565 కిలోల ఫోర్జింగులూ రేకులూ పట్టే చోట 13.7 కిలోల లోహపు పొడి సరిపోయింది. నిజమే, గొప్ప సంగతే, చదివి నేనూ ఛాతీ విరుచుకున్నాను. కానీ ఇస్రో దగ్గర తన ఇంజన్ డ్రాయింగ్ తన దగ్గరే ఉంది కదా. నా దగ్గరున్నది ఉప్పునీటికి తినేసిన ఒక చక్రం. ఈ తేడా ఆ రోజున నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు.

నేరుగా లోహంలోనే ప్రింట్ చేయిస్తే ఎంతవుతుందని అడిగాం. వాళ్లు చెప్పిన ధరకి కొత్త పంపే వచ్చేలా ఉంది, అక్కడితో ఆ ముచ్చట వదిలేసి, పాటర్న్ ప్రింట్ చేయించి ఫౌండ్రీలో పోత పోయిద్దామనుకున్నాం.

స్కానింగ్ ఒక పూటలో అయిపోయింది. తెల్ల పొడి స్ప్రే కొట్టారు, చుక్కల స్టిక్కర్లు అంటించారు, నీలం లైటు తిప్పారు, డబ్బు తీసుకున్నారు. ఎస్‌టీఎల్ ఫైలు మెయిల్లో పంపారు. అది నా వీఎంసీకి పనికొచ్చే డ్రాయింగ్ కాదనీ, లక్షల చిన్న చిన్న త్రిభుజాల తొడుగు మాత్రమేననీ తర్వాత తెలిసింది. దాన్ని అసలైన సాలిడ్ మోడల్ చేసి స్టెప్ ఫైలుగా ఇవ్వాలంటే వేరే రేటట. ముందే చెప్పొచ్చుగా అంటే "మీరు అడగలేదు కదండీ" అన్నాడా కుర్రాడు. స్కానింగ్‌కి వెళ్లేవాళ్లు మొదటి రోజే అడగండి, స్టెప్ ఫైలు ఇస్తారా లేదా అని, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి, ఎస్‌టీఎల్ ఫైల్లో కొలతకి యూనిట్ ఉండదు. మోడల్ గీసినవాడు అమెరికా పనులు చేస్తుంటాడు, వాడి సాఫ్ట్‌వేర్ అంగుళాల్లో ఉంది. ఫైల్లో 12.2 (మన 310 మిల్లీమీటర్లు అంగుళాల్లో) అని ఉంటే ప్రింట్ చేసేవాళ్లు దాన్ని మిల్లీమీటర్లు అనుకున్నారు. ట్రయల్ పీస్‌కి రేటు మరీ తక్కువ చెప్పారేంటని మేం సంబరపడిపోయి నలుగురికీ చెప్పుకున్నాం కూడా. అగ్గిపెట్టె అంత పార్సిల్ వచ్చింది. విప్పితే చొక్కా గుండీ అంత ఇంపెల్లర్! ఆరు రెక్కలూ ఉన్నాయి, ఏ లోపం లేదు, ఉంగరంలో పొదిగించుకోవచ్చు.

ఫౌండ్రీ దగ్గర పరువు పోయేదే, మేస్త్రి మంచివాడు కాబట్టి దక్కింది. "ష్రింకేజీ ఎంత వేశారు బాబూ?" అన్నాడు. నేను మా వాడి మొహం చూశాను, వాడు నా మొహం చూశాడు. కరిగిన లోహం గట్టిపడి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, గన్‌మెటల్‌కి నూటికి సుమారు ఒకటిన్నర వంతు, అంటే ఈ చక్రానికి నాలుగున్నర మిల్లీమీటర్ల పైమాట. అంత పెద్దదిగా పాటర్న్ ఉండాలి. ముప్పై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఇది నాకు తెలియదా? తెలుసు. కానీ మావయ్య దగ్గర కంట్రాక్షన్ స్కేల్ ఉండేది, దాని మీద అంగుళం మామూలు అంగుళం కన్నా ఆ కాస్త పొడవు, అందుకని నేనెప్పుడూ ఆ లెక్క వేసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆయన స్కేలు మోసిన బరువు అది. ఫోన్ చేస్తే మోడల్ పెంచడం రెండు నిమిషాల పని అన్నారు, అయిపోయింది.

లోపలి దారుల కోసం ఇసుక కోర్‌ని కోయంబత్తూరులో ప్రింట్ చేయించాం. అర మిల్లీమీటరు కన్నా పలచగా ఇసుక పరిచి, ఇంక్‌జెట్ ప్రింటర్ సిరా చల్లినట్టు జిగురు చల్లుతూ పొర మీద పొర. ఈ పద్ధతికి అమెరికాలో ఎంఐటీకి చెందిన ఇమాన్యుయెల్ సాక్స్ బృందానికి 1993లో పేటెంట్ వచ్చింది. మొదటి కోర్ లారీలో విరిగిపోయింది, రెండోది బాగానే వచ్చింది. పోత పోశారు. మెషీనింగ్ నేనే చేశాను, బోరు (షాఫ్టు దూరే రంధ్రం) కొలతలో తేడా మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు దాటలేదు, అంటే 0.02 లోపలే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇక ఇన్‌స్పెక్షన్.

ఉదయం పదిన్నరకి గేటు దగ్గర ఫోన్ పెట్టించేశారు, ల్యాప్‌టాప్ లోపలికి రానివ్వలేదు. పధ్నాలుగు కిలోలకి పైనే ఉన్న చక్రాన్ని గోనెపట్టాలో చుట్టి భుజాన వేసుకుని రెండో అంతస్తు ఎక్కాను. గదిలో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఎవరూ కూర్చోమనలేదు. టీలు మూడు వచ్చాయి, నాకు రాలేదు. పన్నెండుంబావుకి ఆ ఇంజనీరు తలెత్తాడు. మా గుంటడి వయసే.

నేను గర్వంగా కలర్ మ్యాప్ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. పోత పోసిన చక్రాన్ని మళ్లీ స్కాన్ చేయించి మోడల్‌తో పోల్చిన బొమ్మ అది. తేడా ఉన్నచోట ఎరుపో నీలమో వస్తుంది, లేనిచోట ఆకుపచ్చ. మాది కోనసీమ వరిచేనులా పచ్చగా ఉంది.

"ఇది దేంతో పోల్చారు?" అన్నాడు.

"మోడల్‌తో సార్."

"మోడల్ ఎలా చేశారు?"

"మీరిచ్చిన శాంపిల్‌ని స్కాన్ చేసి."

"ఆ శాంపిల్‌ని మేం పంపులోంచి ఎందుకు తీసేశాం?"

నాకు అప్పుడు వెలిగింది. అయినా నోటితో చెప్పక తప్పలేదు. "అరిగిపోయిందని సార్."

"అంటే అరిగిపోయినదాన్ని అరిగినట్టే కొత్తగా చేసి తెచ్చారు."

వెనక బల్ల దగ్గరున్న గుమస్తా పగలబడి నవ్వాడు. ఆయన పక్కనున్న ఆయనా నవ్వాడు. టీ తెచ్చిన కుర్రాడికి ఏమీ అర్థం కాకపోయినా వాడూ నవ్వాడు. నా వయసు యాభై నాలుగు.

అంతటితో వదిలితే బాగుండేది. జేబులోంచి వెర్నియర్ తీసి చక్రం అంచు దగ్గర, రెక్కలకి ముందూ వెనకా ఉండే రెండు పళ్లేల మందం కొలిచాడు. ముందు పళ్లెం నాలుగు, వెనకది ఆరు. రెండూ ఐదేసి ఉండాలి. పోతలో కోర్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిందన్నమాట. "మరి మీ కాగితం పచ్చగా ఉందేంటి?" అన్నాడు. దానికి జవాబు కూడా తనే చెప్పాడు, "బెస్ట్ ఫిట్‌లో పెట్టి ఉంటారు." సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే రెండు ఆకారాలనీ వీలైనంత దగ్గరగా సర్దేసి, ఒకచోట ఉన్న తప్పుని కొంచెం కొంచెంగా అంతటా పంచేస్తుంది. పైగా మేం పెట్టుకున్న రంగుల హద్దు కూడా వెడల్పుగానే ఉంది. బోరునీ హబ్ (చక్రం నడిమి గుబ్బ) మొహాన్నీ డేటమ్‌గా, అంటే కొలతలన్నిటికీ ఆధారంగా పట్టుకుని పోలిస్తేనే నిజం బయటపడుతుంది, ఎందుకంటే పంపులో చక్రం తిరిగేది ఆ బోరు మీదే. వెర్నియర్ నా జేబులో కూడా ఉంది, చదువుతున్న మీకు నవ్వొస్తే నవ్వండి. రంగు కాగితం చూసుకుని మురిసి, చేతిలో ఉన్నదాన్ని కొలవలేదు.

ఆ కుర్రాడు చెప్పిన ప్రతి మాటా సరైనదే, ఒప్పుకుంటాను. చెప్పిన తీరు మాత్రం చచ్చేదాకా మర్చిపోను. రెక్కల లోపలి భాగం కూడా తప్పుగానే వచ్చింది, ఎందుకో తెలుసా? స్కానర్ లైటు వంకర దారుల్లో లోపలిదాకా పోదు. చూడలేని చోట మోడల్ గీసినవాడు ఊహించి పూరించాడు. కోసి చూస్తే తెలిసేది. కోయరాదని రాయించుకున్నది ఎవరు? అది అడగడానికి నోరు లేవలేదు.

రిజెక్ట్ చేసిన ముక్కకి ఎర్ర రంగు పూస్తారు. బ్రష్షుతో నా కళ్ల ముందే పూశారు, తడి ఆరకముందే పట్టుకెళ్లమన్నారు. ట్రాలీ ఆటోలో ఎర్రగా మెరిసిపోతూ ఆటోనగర్ మెయిన్ రోడ్డు మీంచి వచ్చింది నా చక్రం. పక్క షాపువాడు "ఏటి బావా, పెళ్లికూతుర్ని తెస్తున్నావా" అన్నాడు.

ఆ ఆదివారం శాంపిల్ పట్టుకుని కంచరపాలెం వెళ్లాను. మావయ్యకి సరిగ్గా కనిపించదు, బొటనవేలు రెక్క మీద పెట్టి అంచు నుంచి లోపలికి తీసుకెళ్లాడు, అందినంత మేర. "ఏట్రా, అరిగినదాన్ని కొలిస్తే అరిగినదే వస్తాది గదా. కోసీ. ఆరు రెక్కలూ ఒక్కలా అరగవు. బాగున్నదొకటి దొరుకుతాది, దాన్నే ఆరుసార్లు దింపు." పది నిమిషాలు కూడా పట్టలేదు. మా వాడు నోరు తెరిచి చూశాడు, "పెదనాన్నా, ఆయన చెప్పింది డిజైన్ ఇంటెంట్, గీసినవాడి అసలు ఉద్దేశం" అన్నాడు. ఏదో ఒకటి.

కోయడానికి అనుమతి కావాలి కదా. స్క్రాప్‌కి పోయే చక్రాన్ని కోయనివ్వండి అని రాసిన ఉత్తరం మూడు బల్లలు దాటడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. మొదటి బల్ల స్టోర్స్‌ది అంది, స్టోర్స్ మెయింటెనెన్స్‌ది అంది, మెయింటెనెన్స్ ఆయన సెలవులో ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఎవరూ వెళ్లకండి, టిఫిన్ బాక్సు తీసుకెళ్లండి, ఉత్తరం మూడు కాపీలు ఉంచుకోండి. మా ఉత్తరం ఒకటి నిజంగానే పోయింది.

అనుమతి వచ్చిన రోజునే రెండు ముక్కలు చేశాం. అంచుల దగ్గర రెండున్నర మిల్లీమీటర్లకి తగ్గిపోయిన రెక్కలు లోపల హబ్ దగ్గర నాలుగున్నర ఉన్నాయి. ఆరింటిలో ఒకదాని వంపు దాదాపు చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకుని మా వాడు ఐదు రోజులు కూర్చుని మోడల్ మళ్లీ గీశాడు, ఈసారి మిల్లీమీటర్లలో. కోర్‌ని అచ్చులో కదలకుండా పట్టి ఉంచే కొసలు (కోర్ ప్రింట్లు అంటారు) పొడవు పెంచమని ఫౌండ్రీ మేస్త్రి చెప్పాడు, పెంచాం, ఇక జరగలేదు. చక్రం ఊగకుండా తిరిగేలా చేసే బ్యాలెన్సింగ్ జి 6.3 గ్రేడుకి వచ్చింది. రిపోర్టు బోరు డేటమ్‌తోనే తీయించాం, అక్కడక్కడా పసుపు కనిపించింది, కనిపించనీ.

నిన్న అదే ఇంజనీరు. వెర్నియర్ పెట్టాడు, అంచు చుట్టూ పన్నెండు చోట్ల కొలిచాడు, ఏమీ అనలేదు. సంతకం పెట్టి కూర్చోమన్నాడు. నిలబడే ఉన్నాను.

ఈ ఉదయం కొనుగోళ్ల విభాగం నుంచి ఫోన్. ఇంకో రెండు కావాలట. "ఫైలు మీ దగ్గరే ఉంది కదండీ, బటన్ నొక్కితే అయిపోతుంది, సగం రేటుకి చేసెయ్యండి" అన్నాడాయన. పాత రేటు మీద నూటికి పది పెంచి కొటేషన్ పంపాను. కింద ఒక షరతు కూడా రాయించాను, శాంపిల్ ఇస్తే కోయడానికి అనుమతి ఉత్తరం దాంతోపాటే రావాలని.